వార్నింగ్ రాగానే బయల్దేరండి
కాలిఫోర్నియాలో కొండల పక్కన ఉండే మనవాళ్ళూ, కార్చిచ్చు వచ్చినప్పుడు ఎవాక్యుయేషన్ ఆర్డర్ (వెంటనే ఇల్లు ఖాళీ చేయాలన్న ఆదేశం) దాకా ఆగకండి. ఇంట్లో చిన్నపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటే వార్నింగ్ (ఖాళీ చేయాల్సి రావచ్చు, సిద్ధంగా ఉండమనే హెచ్చరిక) రాగానే కదలండి.

పాస్‌పోర్టులు, ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ నోటీసు) కాగితాలు, పెద్దవాళ్ళ బీపీ మాత్రలు, ఎన్95 మాస్కులు ముందే ఒకే బ్యాగులో సర్దాలి. బంగారం సంగతి తర్వాత.

కరెంటు పోతే గ్యారేజ్ తలుపు మొరాయిస్తుంది. 2019 జులై నుంచి కొత్త ఓపెనర్లకు (తలుపు తెరిచే మోటార్లకు) బ్యాటరీ తప్పనిసరి, కానీ పాతవి ఇంకా ఉన్నాయి. తలుపు మూసి ఉన్నప్పుడు, పైన వేలాడే ఎర్ర తాడు లాగి, తలుపును చేత్తో ఎత్తడం ఇవాళే ప్రాక్టీస్ చేయండి. మా అమ్మ ఒక్కతే ఆ తలుపు ఎత్తలేకపోతుంది. అందుకే గాలులు మొదలవగానే కారు బయట, రోడ్డుకు ముఖం పెట్టి ఉంచుతాం.

వెళ్ళేముందు కిటికీలు, తలుపులు మూసి, తేలికపాటి కర్టెన్లు తీసేసి, లైట్లు వేసి ఉంచండి. పొగలో ఫైర్ సిబ్బందికి ఇల్లు కనబడాలి. ఒంటిమీద నూలు బట్టలే, సింథటిక్ చీరలు వద్దు.