లెక్కల పోటీకి పిల్లల్ని తయారుచేయడం: పెరంబూరు మేడ మీద నుంచి కొన్ని మాటలు

జూన్‌లో స్కూళ్లు తెరిచిన కొద్ది రోజులకే పిల్లల డైరీలో ఒక కాగితం ఇంటికొస్తుంది. పైన 'ఒలింపియాడ్' అని పెద్ద అక్షరాలు, కింద ఫీజు, ఆ కింద తల్లిదండ్రుల సంతకానికి గీత. "కట్టమంటారా టీచర్‌గారూ?" అంటూ ఆ కాగితం పట్టుకుని మా చెన్నై పెరంబూరు తెలుగువాళ్లు ఏటా నా దగ్గరికి వస్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఆదివారాలు మా మేడ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుంటాను కాబట్టి నన్నడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: పోయినేటి ప్రశ్నపత్రం చూశారా?

ఒలింపియాడ్ అని ఎవరైనా పేరు పెట్టుకోవచ్చు. గంటలో నలభై, యాభై ప్రశ్నలిచ్చి, నాలుగేసి ఆప్షన్లు పెట్టి, పాఠ్యపుస్తకంలో లెక్కల్నే కాస్త మెలితిప్పి అడిగితే అది చేతివేగానికి పరీక్ష. రాయించినా నష్టం లేదు, మెడల్ సరదా తీరుతుంది. దానికోసం కోచింగ్ ఫీజు మాత్రం కట్టకండి. ప్రశ్నలు తక్కువుండి, ఒక్కోదానికి టైము ఎక్కువుండి, మొదటి చూపులో మీకు కూడా దారి తెలియకపోతే, ఆ పోటీకి పిల్లల్ని పంపండి.

చెన్నైలో ఉన్నవాళ్లకి అలాంటిది దగ్గర్లోనే ఉంది. అసోసియేషన్ ఆఫ్ మ్యాథమెటిక్స్ టీచర్స్ ఆఫ్ ఇండియా ట్రిప్లికేన్‌లో ఉంది, 1965లో మొదలైంది. వాళ్లు జరిపే నేషనల్ మ్యాథమెటిక్స్ టాలెంట్ కాంటెస్ట్‌లో 5, 6 తరగతులకి గాస్ పేరుతో, 7, 8కి కాప్రేకర్ పేరుతో, 9, 10కి భాస్కర పేరుతో, ప్లస్ వన్, ప్లస్ టూకి రామానుజన్ పేరుతో పరీక్షలుంటాయి. ముందు స్క్రీనింగ్, అందులో నెగ్గితే ఫైనల్. స్కూలు ద్వారా వెళ్లడమే మామూలు పద్ధతి. మీ స్కూలు పంపదంటే హెడ్‌మిస్‌ని జూన్‌లోనే కలిసి అడగండి, ఆగస్టులో అడిగితే ఆ ఏడాదికి అంతే సంగతులు.

వీళ్లలో కాప్రేకర్ మహారాష్ట్రలోని దేవళాలిలో స్కూలు టీచరుగా పనిచేశారు. ఆయన కనిపెట్టిన సంగతి ఒకటి చూడండి. నాలుగు అంకెల సంఖ్య తీసుకోండి, అన్నీ ఒకే అంకె కాకూడదు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి ఒకసారి, చిన్న నుంచి పెద్దకి ఒకసారి పేర్చి తీసివేయండి. వచ్చినదాన్ని మళ్లీ అలాగే, మూడంకెలే వస్తే ముందు సున్నా పెట్టుకుని. 3524తో మొదలుపెడితే 3087, తర్వాత 8352, తర్వాత 6174. ఇక అక్కడి నుంచి కదలదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు తీసివేతల్లోపు అక్కడికే చేరుతుంది. ఐదో తరగతి పిల్లలకి పోటీ ఊసెత్తే ముందు ఇది చేయిస్తాను. నాలుగో సంఖ్యతో మొదలుపెట్టినా 6174 రాగానే "ఎందుకు మిస్?" అన్నవాళ్లకి ఫారం నింపమంటాను. అనని పిల్లల్ని ఇంకో ఏడాది ఆడుకోనివ్వండి.

ఎనిమిదో తరగతి నుంచి అసలు మెట్లు మొదలవుతాయి. మొదటిది ఐఓక్యూఎం, అంటే ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్. ఈమధ్య సెప్టెంబరులో పెడుతున్నారు. 3 గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి పదికి రెండేసి, తర్వాతి పదికి మూడేసి, చివరి పదికి ఐదేసి మార్కులు. ఆప్షన్లుండవు. ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు పూర్ణసంఖ్యే, దాన్ని ఓఎంఆర్ షీట్‌లో దిద్దాలి. నెగటివ్ మార్కులు లేవు. ఇది దాటితే ఆర్ఎంఓ, అంటే ప్రాంతీయ ఒలింపియాడ్: 3 గంటల్లో 6 లెక్కలు, జవాబొక్కటే కాదు, నిరూపణంతా రాయాలి. ఆపైన జనవరిలో జాతీయ ఒలింపియాడ్ ఐఎన్ఎంఓ, ఆ తర్వాత శిక్షణ శిబిరం, చివరికి అంతర్జాతీయ ఒలింపియాడ్‌కి ఆరుగురు. 1989 నుంచి మన దేశం వెళ్తోంది, 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో 4 బంగారు పతకాలతో 4వ స్థానం తెచ్చుకుంది. ఆడపిల్లలకి యూరోపియన్ గర్ల్స్ ఒలింపియాడ్ అని విడిగా ఉంది, దానికి మన దేశం నుంచి నలుగురు వెళ్తారు. ఈ సంగతి స్కూళ్లలో చాలామంది చెప్పరు.

ఇక తయారీ. పాత ఆర్ఎంఓ, ఐఎన్ఎంఓ పేపర్లు ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారానికి మూడు లెక్కలు చాలు. ఒక్కోదానికి కనీసం ముప్పావుగంట. ఈ ముప్పావుగంటే పెద్దవాళ్లు ఓర్చుకోలేరు. పిల్లాడు పెన్సిల్ కొరుకుతూ కిటికీలోంచి చూస్తుంటే తల్లికి టెన్షన్. వాడు అప్పుడే పని చేస్తున్నాడు, కదపకండి.

పోయినేడు మా మేడ మీద ఏడో తరగతి కుర్రాడికి ఒక లెక్క ఇచ్చాను. 1 నుంచి 10 దాకా నేల మీద సుద్దతో రాయి. ఏవైనా రెండు చెరిపేసి వాటి తేడా రాయి. అలా చేస్తూ పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది. అది సున్నా అయ్యేలా చెయ్యగలవా? వాడు కూర్చుని చెరపడం, రాయడం. ఒకసారి 1 వచ్చింది, ఇంకోసారి 3, మళ్లీ 1. "ఇంకొంచెం తెలివిగా చెరపాలి మిస్" అన్నాడు. నేను ఊరుకున్నాను. చేతులంతా సుద్ద అయ్యాక, "ఎప్పుడూ బేసి సంఖ్యే వస్తోందేంటి?" అన్నాడు. అప్పుడు ఒక్క మాట అడిగాను: "చెరిపే ముందు అన్నీ కూడితే ఎంత, చెరిపాక ఎంత?" 55 అన్నాడు. 9, 4 చెరిపి 5 రాస్తే 47. మొత్తం ఎనిమిది తగ్గింది, అంటే రెండు నాలుగులు. ఇంకో జత చేశాడు, మళ్లీ చిన్నదానికి రెట్టింపే తగ్గింది. ఎప్పుడు తగ్గినా సరిసంఖ్యే తగ్గుతుంటే 55 బేసిగానే ఉంటుంది, సున్నా ఎలా వస్తుంది? వాడు లేచి నిలబడి, నేనడక్కుండానే, "అయితే 11 దాకా రాస్తే వస్తుందా?" అన్నాడు. వస్తుంది. ఏయే సంఖ్యల దాకా రాస్తే వస్తుందో మీ పిల్లల్ని కనుక్కోమనండి, ఒక సాయంత్రం గడుస్తుంది.

స్కూల్లో పరీక్ష నేర్పినదాన్నే అడుగుతుంది, అలాగే అడగాలి కూడా. ఎవరూ నేర్పని చోట నిలబడి తడుముకోవడం పిల్లలకి అలవాటయ్యేది ఇక్కడే. పోటీ వల్ల చదువుకి ఒరిగేది నా దృష్టిలో ఇదే, ర్యాంకు సంగతి తర్వాత.

సాయం చేసేవాళ్లకి ఒక పద్ధతి. దారి చెప్పొద్దు, ప్రశ్న అడగండి. చిన్న సంఖ్యతో చేసి చూశావా? బొమ్మ గీశావా? మారనిది ఏమైనా ఉందా? ఈ మూడింటితో చాలాదూరం వెళ్లొచ్చు, లెక్క మీకు రాకపోయినా అడగొచ్చు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ చిత్తుకి, కుడి పేజీ సాఫుగా రాయడానికి. కుడి పేజీని ఇంట్లో ఇంకొకరు చదివి, "ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?" అని అడ్డుపడాలి. ఆర్ఎంఓలో మార్కులు పోయేది ఎక్కువగా ఆ ఖాళీల్లోనే.

విషయాలు నాలుగు: సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ), బీజగణితం, జ్యామితి, లెక్కపెట్టే పద్ధతులు. క్యాలిక్యులస్ అక్కర్లేదు. పదో తరగతి జ్యామితి గట్టిగా వస్తే సగం బరువు దిగినట్టే. భాజనీయత, శేషాలు మాత్రం స్కూలు పుస్తకంలో చాలవు, విడిగా నేర్చుకోవాలి.

ఐఓక్యూఎం పరీక్షలో మొదటి పది అయ్యాక వరసలో వెళ్లక్కర్లేదు, చివరి పదిలో తనకి నచ్చిన విషయం వెతుక్కోమనండి. జవాబు 7 వస్తే 07 అని దిద్దాలి. బాగా చేసే పిల్లలు కూడా అక్కడ తడబడతారు.

మనవాళ్ల అసలు ప్రశ్న ఇంకోటుంటుంది: "దీనివల్ల ఐఐటీకి ఉపయోగముందా?" ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ క్లాసుల్లో వేసిన పిల్లలు సూత్రం గుర్తొస్తే పరిగెత్తుతారు, గుర్తు రాకపోతే ఆగిపోతారు. ఒలింపియాడ్ అలవాటు జేఈఈకి అడ్డు రాదు, కానీ రెండిటికీ ఒకే టైంటేబుల్ కుదరదు. ప్లస్ వన్‌లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. లెక్కలే చదవాలనుకునే పిల్లలకి సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బెంగళూరులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయితే ఐఎన్ఎంఓలో ఎంపికైనవాళ్లని బీమ్యాథ్ అనే లెక్కల డిగ్రీకి రాత పరీక్ష లేకుండా ఇంటర్వ్యూకి పిలుస్తుంది. ఆ దారి మనసులో ఉంటే తొమ్మిదో తరగతిలో ఒకసారి ఐఓక్యూఎం రాయించండి, మార్కుల ఊసెత్తకుండా. హాల్లోంచి బయటికి రాగానే "ఎన్ని చేశావు?" అనకండి. ఏ లెక్క నచ్చిందో అడిగి, దాన్ని ఇంట్లో మీకు చెప్పమనండి.