చిన్న సైట్‌కి కొండంత సామాను: సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, నరసన్నపేట, పలాస దుకాణాలకు సైట్లు చేసిపెట్టడం నా పని. చాలావరకు ఐదారు పేజీలే: ధరల పట్టిక, ఫోటోలు, ఫోన్ నంబరు, వాట్సాప్ బటన్. వాటిలో ఏదైనా పాడై మళ్లీ నా దగ్గరికి వచ్చినప్పుడల్లా, తప్పు నేను రాసిన కోడ్‌లో కన్నా నేను బయటి నుంచి తెచ్చిపెట్టిన సామానులోనే (ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటలు అంటే లైబ్రరీలు, ఫాంట్లు, టూల్స్) ఎక్కువగా దొరికింది. ఏ లక్షణం కనబడితే ఎక్కడ వెతకాలో రాస్తున్నాను.

ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, ఫోన్‌లో తెల్ల పేజీ

పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, "ఏటి బాబూ, నొక్కితే తెల్లగా ఉండిపోనాదేటి?" అన్నారు. మా ఇంట్లో వైఫై మీద అదే పేజీ చిటికెలో తెరుచుకుంటోంది.

ఇలాంటప్పుడు క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (పేజీ లోపల ఏం జరుగుతోందో చూపించే భాగం) నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. 'డిజేబుల్ క్యాష్' టిక్ చేసి, వేగాన్ని 3జీకి తగ్గించి, పేజీ మళ్లీ లోడ్ చేయండి. తర్వాత కవరేజ్ ట్యాబ్ చూడండి. దిగిన జావాస్క్రిప్ట్‌లో (పేజీని నడిపించే కోడ్) వాడకుండా పడి ఉన్నదెంతో అది ఎర్ర గీతతో చూపిస్తుంది. నా సైట్‌లో గీత దాదాపు మొత్తం ఎర్రగానే ఉంది.

కారణాలు రెండు. పేజీని జావాస్క్రిప్ట్‌తో గీసే రియాక్ట్ అనే లైబ్రరీతో కట్టాను కాబట్టి సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్‌లో ఒక ఖాళీ డివ్ (ఖాళీ పెట్టె) తప్ప ఏమీ లేదు. జావాస్క్రిప్ట్ అంతా దిగి, ఫోన్ దాన్ని చదివి నడిపించేదాకా తెర మీద ఒక్క అక్షరం రాదు. ఆ పైన తారీఖు చూపించడానికి మొమెంట్ అనే లైబ్రరీ, ఫోటోలు జరపడానికి ఒక స్లైడర్, మూడు బొమ్మల కోసం ఐకాన్ల లైబ్రరీ మొత్తం. డబ్ల్యూ 210, 240, 320 గ్రేడు పప్పుల ధరలు చెప్పడానికి ఇదంతా!

ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చాను. తారీఖులకు, అంకెలకు బ్రౌజర్‌లోనే ఇంటల్ అనే సదుపాయం ఉంది. భారతదేశపు పద్ధతి అడిగితే లక్షల దగ్గర కామా పెట్టి 1,25,000 అని చూపిస్తుంది, తెలుగు అడిగితే నెల పేరు తెలుగులో ఇస్తుంది. మొమెంట్‌ని దాన్ని చేసినవాళ్లే 2020 సెప్టెంబరులో, కొత్త పనులకు వాడొద్దని చెప్పి మెయింటెనెన్స్‌లో పెట్టేశారు. స్లైడర్ బదులు సీఎస్ఎస్‌లో (పేజీ రూపురేఖలు చెప్పే భాష) స్క్రోల్ స్నాప్ నాలుగు లైన్లు. పాపప్‌కి డైలాగ్ ట్యాగ్ ఉంది, 2022 నుంచి ముఖ్యమైన బ్రౌజర్లన్నింటిలో పనిచేస్తోంది. నొక్కితే తెరుచుకునే ప్రశ్నలకు డీటెయిల్స్ ట్యాగ్, కింద ఉన్న ఫోటోలు వాటి దగ్గరికి వచ్చాకే దిగేలా లోడింగ్ లేజీ. చివరికి రియాక్ట్ కూడా తీసేసి మామూలు హెచ్‌టీఎంఎల్ పెట్టాను. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి భోజనాలకి అయిపోయింది. దాన్ని కట్టడానికి మాత్రం వారం పట్టింది, అది వేరే సంగతి.

తెలుగు అక్షరాలు ఆలస్యంగా వస్తున్నాయి, లేదా వత్తులు విడిపోతున్నాయి

లైబ్రరీలనే తిడతాం గానీ ఫాంట్ కూడా బయటి సామానే. గుణింతాలు, వత్తులు అన్నీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైలు ఇంగ్లీషు దానికన్నా బాగా బరువు. ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా నోటో సాన్స్ తెలుగు ముందే ఉంటుంది. మామూలు రాతకి దాన్నే వదిలేసి, శీర్షికకు మాత్రం మీకు నచ్చిన మండలి ఫాంట్ లాంటిది పెట్టండి. ఫాంట్ డిస్‌ప్లే స్వాప్ పెడితే అది దిగేలోపు కూడా అక్షరాలు కనబడతాయి.

బరువు తగ్గించాలని ఫాంట్‌లో అక్షరాలు కత్తిరించారా? అక్షరాలను కలిపే పట్టికలు కూడా తెగిపోతే 'క్ష' కాస్తా 'క్‌ష' అయిపోతుంది. అసలు ఫైలుతో పక్కపక్కన పెట్టి చూశాకే సైట్‌లో పెట్టండి.

పోయినేడు నడిచింది, ఇప్పుడు తెర నిండా ఎర్ర లైన్లు

ధర ఒక్కటి మార్చాలని పాత ప్రాజెక్టు తెరుస్తారు. బిల్డ్ (రాసిన కోడ్‌ను సైట్ ఫైళ్లుగా తయారుచేసే కమాండ్) కొడితే 'డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్' అంటుంది. మీ కోడ్ చెడలేదు. ఆ బిల్డ్‌ను నడిపే నోడ్‌లో 17వ వెర్షన్ నుంచి ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 అనే భద్రతా లైబ్రరీ వచ్చింది. కోడ్ ఫైళ్లను మూటకట్టే వెబ్‌ప్యాక్ 4 వాడే ఎండీ4 అనే పాత హ్యాష్ పద్ధతిని (ఫైలుకి గుర్తు లెక్కకట్టేది) అది మామూలుగా ఒప్పుకోదు. ఈ రోజుకి గండం గట్టెక్కాలంటే పాత పద్ధతులను ఒప్పుకునే లెగసీ ప్రొవైడర్ ఆప్షన్ పెట్టి నడపండి. అది పట్టీయే. అసలు మందు వెబ్‌ప్యాక్ 5కి గానీ, అలాంటి పనే చేసే వీట్‌కి గానీ మారడం. రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌తో కట్టి ఉంటే ఎలాగూ మారాలి, దాన్ని 2025 ఫిబ్రవరిలో అధికారికంగా పక్కన పెట్టేశారు.

మీ మెషీన్లో నడిచి స్నేహితుడి దాంట్లో నడవకపోతే ప్యాకేజ్ లాక్ ఫైలు (ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉంచేది) గిట్‌లో (కోడ్‌ను మార్పులతో సహా దాచే టూల్) పెట్టారో లేదో చూడండి. ప్యాకేజీలను (లైబ్రరీలను) దింపే ఎన్‌పీఎంలో, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడితే లాక్‌లో ఉన్న వెర్షన్లే దిగుతాయి.

ఇంత చేసినా పక్కవాడి చేతిలో ఉన్నది మన చేతిలో లేనట్టే. 2016 మార్చిలో లెఫ్ట్ ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ బేబెల్ (కొత్త జావాస్క్రిప్ట్‌ను పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చే టూల్) లాంటివాటితో సహా ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. అది చేసే పనల్లా మాటకి ఎడమ పక్క ఖాళీలు చేర్చడం. 2017లో ఆ పని ప్యాడ్ స్టార్ట్ పేరుతో జావాస్క్రిప్ట్ భాషలోకే వచ్చేసింది.

సైట్ తెరిస్తే ఎక్కడికో జూద సైట్‌కి పోతోంది

ఇది టెన్షన్ పడాల్సినదే. ఫైళ్లతో పాటు, బయటి సర్వర్ నుంచి వచ్చే ప్రతి స్క్రిప్ట్ ట్యాగ్‌నీ చూడండి. పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలను పూరించే స్క్రిప్ట్‌లు పంపే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ 2024లో చేతులు మారాక, జూన్‌లో దాన్ని వాడుతున్న లక్షకు పైగా సైట్లలోకి దొంగ కోడ్ వెళ్లిందని బయటపడింది. దానికి మందు తీసేయడమే. ఏ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం ఆ స్క్రిప్ట్‌లు పెట్టుకున్నామో, దాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే విరమించింది. మిగతా లైబ్రరీల కాపీ మీ సర్వర్‌లోనే ఉంచుకోండి. కుదరకపోతే ఇంటిగ్రిటీ గుర్తు పెట్టండి, ఫైలు మారితే బ్రౌజర్ నడపదు.

ఎన్‌పీఎం ఆడిట్ భయపెడుతోంది

ప్యాకేజీల్లో భద్రతా లోపాలు వెతికే ఈ కమాండ్ పెద్ద జాబితా చూపించినా, ఫోర్స్ పెట్టి ఫిక్స్ కొట్టకండి, పెద్ద వెర్షన్లు మారిపోయి ఉన్న సైట్ కూడా పోతుంది. డెవ్ ప్యాకేజీలను (సైట్ తయారీకి మాత్రమే వాడేవి) వదిలి ఆడిట్ చేయండి. అప్పుడు మిగిలినవి ముందు చూసుకోండి.

ఒక పేజీలో కొత్త ఫోన్ నంబరు, ఇంకో పేజీలో పాతది

ఇది తిరగబడ్డ జబ్బు, సామాను మరీ తక్కువైతే వస్తుంది. పొందూరు ఖాదీ అమ్మే ఒకరికి నేను ఏ టూల్ లేకుండా చేతితో పేజీలు రాసి ఇచ్చాను. ఐదు పేజీలున్నంత కాలం హాయి. చీరకో పేజీ అనుకుంటూ నలభై దాటాయి. నంబరు మారినప్పుడు మూడు పేజీలు మరిచిపోయాను, పండగ ముందు ఆర్డర్లు పాత నంబరుకి పోయాయి.

ఇక్కడ టూల్ పెట్టాల్సిందే. ఎలెవెంటీ అనే, పేజీలు తయారుచేసే టూల్ పెట్టాను. హెడర్ ఒక్కచోట రాస్తే అన్ని పేజీలకూ అదే వేస్తుంది. అది నడిచేది నా మెషీన్‌లో, చూసేవాళ్ల ఫోన్‌లోకి మామూలు హెచ్‌టీఎంఎల్ తప్ప ఏమీ వెళ్లదు. రేపు ఎలెవెంటీ మూతపడినా, తయారైన పేజీలు సర్వర్‌లో ఎప్పటిలా ఉంటాయి. బుట్ట, రంగుల వారీగా వెతుకులాట, స్టాక్ లెక్కలు అడిగితే రియాక్టో, అలాంటిదే అయిన వ్యూనో ఆ పేజీ వరకు తెస్తాను. ఆ ఖాదీ ఆవిడ అడిగింది అదేమీ కాదు, నంబరు కొంచెం పెద్ద అక్షరాల్లో వేయమన్నారు.