లాప్‌టాప్ ఆన్ అవుతోంది కానీ డిస్ప్లే రావట్లేదా? కొత్త స్క్రీన్ కొనేముందు ఇవి చూడండి

పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటుంది. షాపుకి తీసుకెళ్తే విప్పకుండానే "స్క్రీన్ పోయింది సార్" అనేవాళ్ళున్నారు, "మదర్‌బోర్డ్" అనేవాళ్ళూ ఉన్నారు. ఎవరి మాటా గుడ్డిగా నమ్మక్కర్లేదు, ఈ రెండిట్లో ఏదో తేల్చే టెస్టులు ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు.

అసలు సిస్టమ్ నడుస్తోందా?

ఛార్జర్ పెట్టి ఆన్ చేసి ఒక నిమిషం ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ బానే నడుస్తోంది, బొమ్మ ఒక్కటే రావట్లేదు. ఎంత నొక్కినా లైటు మారకపోతే బూట్ (సిస్టమ్ స్టార్ట్ అవడం) దగ్గరే ఆగిపోయిందని అనుమానించాలి. అలా కాకుండా క్యాప్స్ లాక్ లైటో, పవర్ లేదా బ్యాటరీ లైటో దానంతటదే ఒక లెక్కలో మెరుస్తుంటే అది ఎర్రర్ కోడ్, ఫోన్‌లో వీడియో తీసి తీరిగ్గా లెక్కపెట్టుకోండి. చాలా డెల్ మోడళ్ళలో ఆరెంజ్ 2 సార్లు, తెలుపు 3 సార్లు వస్తే ర్యామ్ (మెమరీ స్ట్రిప్) దొరకట్లేదని, ఆరెంజ్ 2, తెలుపు 7 అయితే డిస్ప్లే ఫెయిల్ అని. వేరే కంపెనీల కోడ్‌లు వేరు, మీ మోడల్ మాన్యువల్లో ఉంటాయి.

విప్పకుండా చేసేవి

ముందు హార్డ్ రీసెట్. ఛార్జర్ పీకి, పెన్‌డ్రైవ్ మౌస్ అన్నీ తీసేసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. స్లీప్‌లోంచి లేవకుండా ఉండిపోయిన లాప్‌టాప్ దీంతోనే లేచి కూర్చునే ఛాన్స్ ఉంది.

లేవలేదా, విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది, బీప్ అని చిన్న సౌండ్ వస్తే విండోస్ బతికే ఉన్నట్టు. బ్రైట్‌నెస్ కీ కూడా నొక్కి చూడండి, నవ్వకండి, ఇలాంటివే మర్చిపోతాం. ఇంకోటి, మూత మూస్తే స్క్రీన్ ఆరిపోవడానికి లోపల మాగ్నెట్ సెన్సర్ ఉంటుంది కదా, మాగ్నెట్ ఉన్న ఫోన్ కవరో వాచీ స్ట్రాపో కీబోర్డ్ పక్కన ఉన్నా, ఈ లాప్‌టాప్‌ని ఇంకో లాప్‌టాప్ మీద పెట్టినా అది మూత మూసేశారనుకుని డిస్ప్లే ఆపేస్తుంది.

అన్నిట్లోకీ ముఖ్యమైన టెస్ట్ టీవీ. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి ఆన్ చేయండి, బొమ్మ రాకపోతే విండోస్ కీ పట్టుకుని పి రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టండి, అప్పుడూ రాకపోతే ఇంకోసారి. టీవీలో వస్తే ర్యామ్, ప్రాసెసర్ జోలికి వెళ్ళక్కర్లేదు, తేడా ప్యానెల్‌లోనో (బొమ్మ చూపే స్క్రీన్ పలక) దాని కేబుల్‌లోనో బ్యాక్‌లైట్‌లోనో (వెనక నుంచి వెలుగిచ్చే లైటు) ఉంది. దాంతోపాటే మీ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేసుకోండి, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ కూడా రాసిపెట్టుకోండి, తర్వాత అడిగితే వెతుక్కోలేరు.

ఇప్పుడు రూమ్‌లో లైటు ఆపి ఫోన్ టార్చ్‌ని స్క్రీన్ మీద ఏటవాలుగా కొట్టండి. ఐకాన్లైనా లాగిన్ పేజీ అయినా మసగ్గా కనపడిందంటే ప్యానెల్ బొమ్మ గీస్తూనే ఉంది, పోయింది బ్యాక్‌లైట్. ఇది మదర్‌బోర్డ్ మీద చిన్న ఫ్యూజ్ కాలినా జరుగుతుంది, అలాంటప్పుడు కొత్త ప్యానెల్ వేసినా వెలగదు, అందుకే షాపులో ఫ్యూజ్ చెక్ చేశారా అని అడగండి. డెల్ వాళ్ళకి ఇంకో సుఖం ఉంది, డి కీ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే చాలా మోడళ్ళలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇలా రంగులు మారతాయి, రంగులు క్లీన్‌గా వస్తే ప్యానెల్‌కి ఏమీ కాలేదు.

టీవీలో కూడా రాకపోతే: ర్యామ్

వారంటీ ఉంటే ఇక్కడే ఆగిపోండి. లేకపోతే వెనక కవర్ విప్పి అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకండి, ఇది మాత్రం వదిలేయొద్దు. ర్యామ్ స్ట్రిప్‌కి రెండు పక్కలా ఉన్న క్లిప్పులు బయటికి లాగితే అదే పైకి లేస్తుంది. బంగారు రంగు కాంటాక్టులని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి మొత్తం దులిపేసి, ఏటవాలుగా చివరిదాకా తోసి కిందికి నొక్కితే టక్‌మని పడుతుంది. రెండు స్ట్రిప్పులుంటే ఒక్కోటి విడిగా, ఒక్కో స్లాట్‌లో పెట్టి చూడాలి. ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, ముఖ్యంగా కొత్త రకం డీడీఆర్5 ర్యామ్‌లో, కంగారుపడి ఆపేయకండి. సన్నటి మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ పని కుదరదు. దీనికీ లొంగకపోతే చిప్ లెవెల్ పని, అది తెలిసినవాళ్ళకి ఇవ్వండి, హెయిర్ డ్రయర్‌తో బోర్డు వేడి చేసే వీడియోలు చూసి ప్రయోగాలు చేయకండి.

టీవీలో వస్తే: కేబుల్, ప్యానెల్

మూత మెల్లగా కదిలిస్తుంటే బొమ్మ వచ్చి పోతుంటే కేబుల్ మీదే డౌట్ పెట్టుకోవచ్చు. బ్యాటరీ కనెక్టర్ పీకాకే స్క్రీన్ చుట్టూ ఉన్న బెజెల్‌ని ప్లాస్టిక్ కార్డుతో అంచుల వెంట విప్పి, ప్యానెల్ వెనకున్న కేబుల్ తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టండి. కరెంటు ఉండగా ఈ కేబుల్ లాగితే ఇందాక చెప్పిన ఫ్యూజే కాలిపోవచ్చు.

ప్యానెల్ మార్చాల్సే వస్తే లాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి కొనకండి, ఒకే మోడల్లో రెండు మూడు రకాల ప్యానెల్స్ వస్తాయి. పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీదున్న నంబర్ ఫోటో తీసుకోండి, సైజు, రిజల్యూషన్, కనెక్టర్ 30 పిన్నా 40 పిన్నా, స్క్రూలకి పక్కన చెవులున్నాయా లేవా, అన్నీ కలవాలి. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల మార్కెట్) లాంటి చోటికి వెళ్తే పాత ప్యానెలే చేత్తో పట్టుకెళ్ళడం ఇంకా సేఫ్. కొత్తది కలిపాక బెజెల్ అతికించేముందే ఒకసారి ఆన్ చేసి, తెల్ల పేజీ ఒకటీ నల్ల పేజీ ఒకటీ పెట్టి చుక్కలూ గీతలూ ఏమన్నా ఉన్నాయేమో చూసుకోండి, బెజెల్ టేప్ ఒకసారి అతికిస్తే రిటర్న్ తీసుకోమంటే షాపువాడు మొహం చిట్లిస్తాడు.