మీ టర్బో కారు ఈసీయూలో టార్క్ పరిమితులు మార్చడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో కార్ల పిచ్చి ఉన్న మనవాళ్లు నలుగురు కలిస్తే ఒక ఫిర్యాదు తప్పదు: "బూస్ట్ పెంచి రీమ్యాప్ చేయించాను, అయినా బండి లాగట్లేదు." బూస్ట్ అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, రీమ్యాప్ అంటే ఈసీయూలోని సాఫ్ట్‌వేర్ మార్చడం. చాలాసార్లు తప్పు టర్బోది కాదు.

మీరు యాక్సిలరేటర్ తొక్కితే థ్రాటిల్ నేరుగా తెరుచుకోదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ముందు "ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలి" అని లెక్క కడుతుంది. గేరుకు ఒక పరిమితి, గేర్‌బాక్స్‌కు ఒకటి, వేడి పెరిగితే ఇంకొకటి ఉంటాయి. వాటన్నింటిలో ఏది తక్కువైతే దానికే కట్టుబడుతుంది. బూస్ట్ టేబుల్ ఒక్కటే పెంచి ఇవి వదిలేస్తే, హద్దు తగలగానే థ్రాటిల్‌ను కాస్త మూసేస్తుంది. పెట్టిన డబ్బు అక్కడే ఆగిపోతుంది.

మొదట బలహీనమైన భాగం చూడండి. 1.2 లీటర్ల పోలో జీటీ టీఎస్‌ఐ కంపెనీ నుంచి 175 న్యూటన్ మీటర్ల టార్క్‌తో వచ్చేది. అందులోని 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) సామర్థ్యం 250. అలాగని 250 పెట్టేయకండి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అరగంట పాకిన క్లచ్ ఎంత వేడెక్కుతుందో తెలిసిందేగా! నేనైతే 220 దగ్గర ఆగుతాను.

తర్వాత ఈసీయూలోని ఒరిజినల్ ఫైల్ చదివి రెండు చోట్ల దాచండి. ఫ్లాష్ చేసేటప్పుడు (కొత్త ఫైల్ ఈసీయూలోకి ఎక్కించేటప్పుడు) బ్యాటరీకి ఛార్జర్ తగిలించి తీరాలి. నా బండికి ఒక గ్యారేజీలో ఛార్జర్ పెట్టలేదు. సగంలో ఓల్టేజీ పడిపోయి ఈసీయూ మూగబోయింది. దాన్ని విప్పి, బల్ల మీద పెట్టి మళ్లీ ఫైల్ ఎక్కించేదాకా బండి కదల్లేదు.

పరిమితులు కొంచెం కొంచెంగా పెంచండి. ఒక్కోసారి 10-15 న్యూటన్ మీటర్లు చాలు. ఒకటి, రెండు గేర్ల జోలికి పోవద్దు. ముందు చక్రాలు ఊరికే తిరగడం తప్ప లాభం లేదు.

ప్రతిసారీ డైనో (బండిని రోలర్ల మీద నడిపి బలం కొలిచే యంత్రం) మీద లాగ్, అంటే రీడింగుల రికార్డు, తీయండి, రింగ్ రోడ్డు మీద కాదు. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి, ఇగ్నిషన్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) ఎంత వెనక్కి జరుగుతోందో చూడండి. ఒకే సిలిండర్ పదేపదే 4-5 డిగ్రీలు వెనక్కి పోతుంటే నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం) వస్తున్నట్టే, ఒక మెట్టు దిగండి. స్పార్క్ ప్లగ్‌లు పాతవైతే ముందే మార్చేయండి.

వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయి. అందుకే ఈ ముచ్చట ట్రాక్ కోసమే పెట్టుకోండి.

మనకు ట్రాక్ అంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలుచన. అంతే గాలి నింపడానికి ఇక్కడ టర్బో ఎక్కువ తిరగాలి. చెన్నైలో టర్బోకు ఊపిరి దొరుకుతుంది కానీ ఎండకు నాక్ పెరుగుతుంది. ఇక్కడ కుదిరిన ఫైల్ అక్కడ కుదరకపోవచ్చు. మే నెలలో వెళ్తుంటే ల్యాప్‌టాప్, ఒరిజినల్ ఫైల్ డిక్కీలో వేసుకోండి. మొదటి మూడు ల్యాప్‌లు లాగ్ కోసమే తిరగండి.