బహుమితీయ దత్తాంశాన్ని గీయడం – 4వ పాఠం: పక్కపక్కన నిలబడే అక్షాలు

పలాసలో ‘320 రకం’ జీడిపప్పు అంటే పౌండుకు 300 నుంచి 320 వరకు తూగే పప్పు. ఆ ఒక్క అంకెతో బేరం సాగిపోతుంది. పిక్కలు కొనేవారికి మాత్రం అది చాలదు. కిలోకు ఎన్ని పిక్కలు తూగుతున్నాయి, 80 కిలోల బస్తాకు ఎంత పప్పు దిగుతుంది, తేమ ఎంత, విరగని పప్పు ఎంత శాతం? ఇవి నాలుగు కొలతలు. ఇలా ఒక్కో సరుకుకు చాలా కొలతలుంటే దాన్నే బహుమితీయ దత్తాంశం అంటాం.

గత పాఠంలో మూడో కొలతకు రంగు, నాలుగో కొలతకు చుక్క పరిమాణం వాడాం. ఆ పద్ధతి నాకు తృప్తినివ్వలేదు. ఒక చుక్క మరో చుక్కకు ఎన్ని రెట్లో కంటితో చెప్పడం చాలా కష్టం. అందుకే ఈసారి అక్షాలను లంబంగా కాకుండా సమాంతరంగా నిలబెడదాం. ఫ్రెంచి గణితవేత్త మోరిస్ డొకాన్య 1885లోనే వీటి గురించి రాశారు. ఆల్‌ఫ్రెడ్ ఇన్సెల్‌బర్గ్ వీటిని బహుమితీయ దత్తాంశానికి పనికొచ్చేలా పెంచి, ఆకాశంలో విమానాలు ఢీకొనకుండా చూసే లెక్కలకూ వాడారు.

గ్రాఫు కాగితం అడ్డంగా పెట్టి, 7 సెంటీమీటర్ల ఎడంతో, 14 సెంటీమీటర్ల పొడవున నాలుగు నిలువు గీతలు గీయండి. అంకెలు కింది నుంచి పైకి పెరగాలి. ఎడమ నుంచి మొదటిది కిలోకు పిక్కల సంఖ్య (170–200), రెండోది బస్తాకు పప్పు కిలోల్లో (19–23), మూడోది తేమ శాతం (8–11), నాలుగోది విరగని పప్పు శాతం (60–74). ఇప్పుడు నాలుగు తోటల సరుకు తీసుకుందాం. అంకెలు సాధన కోసం నేను వేసుకున్నవి.

మొదటి తోట: 170, 23, 8, 74.
రెండోది: 180, 22, 8, 72.
మూడోది: 200, 20, 9, 66.
నాలుగోది: 175, 19, 11, 60.

ఒక్కో తోట అంకెలను నాలుగు అక్షాల మీద గుర్తుపెట్టి వరసగా కలపండి; ఒక్కో తోట ఒక్కో విరిగిన గీత అవుతుంది. గీశాక మొదటి రెండు అక్షాల మధ్య చూడండి. మొదటి మూడు తోటల గీతలు ఒకే బిందువులో ముడిపడతాయి: ఎడమ అక్షానికి 4 సెంటీమీటర్లు, అడుగుకు 8 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలవండి. పిక్కల సంఖ్య 10 పెరిగితే పప్పు సరిగ్గా కిలో తగ్గుతోందన్న సంబంధమే ఆ ముడి. మామూలు గ్రాఫులో వాలుగా దిగే సరళరేఖ ఇక్కడ ఒక బిందువైపోతుంది. ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

నాలుగో తోట గీత ఆ ముడి దరిదాపులకు రాదు. పిక్కల సంఖ్య ఒక్కటే చూస్తే 175 మంచి సరుకే. పప్పు మాత్రం 22.5 కిలోలు దిగవలసింది 19 దగ్గర ఆగింది. ఆ గీత వెంటే కుడికి వెళ్తే తేమ అక్షం కొసకు ఎక్కుతుంది. తేమే కారణమని దీంతో రుజువు కాదు. ఆ బస్తాను ముందు విప్పి చూడాలని మాత్రం తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. సంబంధం కనిపించేది పక్కపక్కనున్న అక్షాల మధ్యే. క్రమం మారిస్తే ముడి మాయమవుతుంది. నాలుగు అక్షాలకు అద్దంలో బొమ్మలను (1-2-3-4కు 4-3-2-1 లాంటివి) వదిలేస్తే 12 క్రమాలున్నా, రెండే గీస్తే చాలు: 1-2-3-4, ఆపై 2-4-1-3. ప్రతి జతా ఒకసారి పక్కపక్కకు వస్తుంది. వందల బస్తాలుంటే కంప్యూటర్‌లో ప్లాట్లీ అనే గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్‌తో గీయండి, అందులో అక్షాలను పట్టుకుని జరపవచ్చు.

వచ్చే పాఠంలోగా తేమ అక్షాన్ని తలకిందులు చేసి, 8 పైన ఉండేలా మళ్ళీ గీయండి. తేమకూ విరగని పప్పుకూ మధ్య గీతల దారి ఎలా మారిందో రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.