జియు-జిట్సు పాఠాలు – 6: కింద పడ్డవాడి మోచేతులు

ఈసారి గార్డ్ (వెల్లకిలా ఉండి పైవాడిని కాళ్లతో అడ్డుకునే స్థితి) లోంచి స్వీప్‌లు (పైవాడిని కిందికి తిప్పేసే ఎత్తులు) మొదలుపెడదామనుకున్నాను. కుదరదని తేలిపోయింది. పోయిన పాఠంలో సైడ్ కంట్రోల్ (పైవాడు పక్క నుంచి ఛాతీ మీద అడ్డంగా పడి అదిమే పట్టు) కింద నుంచి బయటపడటం గురించి రాశాక మీరు పంపిన కబుర్లు చదివితే, ముందు దీన్ని సరిచేయాల్సిందే అనిపించింది. ఒకాయనకి రెండు మోచేతులూ వాచాయి. ఇంకొకాయన ఒకే వారంలో నాలుగుసార్లు ఆర్మ్‌బార్‌కి (చేయి చాపి మోచేతిని వెనక్కి విరిచే పట్టుకి) దొరికాడు, నాలుగుసార్లూ అదే చేయి. ఒకమ్మాయి తన బరువు 54 కిలోలని, పైనున్న అబ్బాయిది 80 అని చెప్పి, "మీరు రాసినట్టే తోశాను సార్, అంగుళం కూడా కదల్లేదు" అంది.

తొయ్యమని నేనెప్పుడు రాశాను?

వెనక్కి వెళ్లి చూసుకున్నాను. రాయలేదు. కానీ చేయాల్సింది కూడా సరిగా రాయలేదు. "ముంజేతులు అడ్డం పెట్టి, నడుం తప్పించి, మోకాలు లోపలికి తీసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఎక్కడ పెట్టాలో చెప్పకుండా అడ్డం పెట్టమంటే ఎవరైనా తోస్తారు. ఊపిరాడనప్పుడు చేతులకి తెలిసిన పని అదొక్కటే. కాబట్టి సగం తప్పు నాది. మోచేతులు వాచినాయన మాత్రం వాపు పూర్తిగా తగ్గేదాకా మ్యాట్ ఎక్కొద్దు.

ముందు చేతుల చోటు. పైవాడు మీ కుడివైపు నుంచి అడ్డంగా పడుకున్నాడనుకుందాం. అతని తల మీ ఎడమ భుజం వైపు ఉంటుంది, తుంటి మీ కుడి డొక్క పక్కన ఉంటుంది. మీ కుడి ముంజేయి అతని తుంటి ఎముకకి ఆనాలి. పొట్టకి కాదు. పొట్ట మెత్తన, చేయి అందులోకి దిగబడిపోతుంది. ఎడమ ముంజేయి అతని గడ్డం కింద, మెడకి అడ్డంగా ఉండాలి. అరచేతులకి ఇక్కడ పనేం లేదు, దేన్నీ పట్టుకోవద్దు. రెండు మోచేతులూ వంగే ఉండాలి, ఇంచుమించు లంబకోణంలో. కుడి మోచేయి మీ డొక్కకి దగ్గరగా ఉందో లేదో మాటిమాటికీ చూసుకోండి. అక్కడ సందు దొరికితే అతని మోకాలు అందులోంచే వస్తుంది, ఆ వెనకే మౌంట్, అంటే మీ మీద గుర్రమెక్కినట్టు కూర్చుంటాడు.

చేతులు కుదిరాక చిన్న బ్రిడ్జ్, అంటే పాదాలు నేలకి తన్ని నడుము పైకెత్తడం. అతని బరువు ఒక్క క్షణం మీ ముంజేతుల మీదకి వస్తుంది. ఆ క్షణంలోనే ఎడమ పాదాన్ని నేలకి తన్నిపెట్టి, కుడి పక్కకి తిరుగుతూ, మీ నడుముని అతని నుంచి దూరంగా జరపాలి. ఇది మూడో పాఠంలో చేసిన రొయ్యే (రొయ్యలా నడుము వంచి వెనక్కి జరగడం). సందు రాగానే కుడి మోకాలు అందులోకి. ఒక్క రొయ్యతో సరిపడా సందు రాదు. నాకైతే మూడు లేకుండా ఎప్పుడూ పని జరగలేదు. అక్కణ్నుంచి మోకాళ్ల మీదకి లేచే దారి కూడా ఉంది, చాలామంది కోచ్‌లు అదే ముందు నేర్పుతారు. నాకు నచ్చదు. నలభై దాటిన నడుముకి గార్డ్‌లోకి తిరిగి రావడమే చవక.

ఇక తోయడం సంగతి. దీని గురించి ఎక్కువే రాస్తాను, విసుగొస్తే ఓర్చుకోండి.

పాత పెంకుటింట్లో దూలం కింద గుంజ చూశారు కదా. ఆ గుంజ దూలాన్ని పైకి తోయదు. నిటారుగా నిలబడి ఉంటుంది, అంతే. ఇంటి కప్పు బరువంతా దాని నిలువులోంచి నేలకి దిగిపోతుంది. మీ ముంజేయి ఆ గుంజ. పైవాడి బరువు మీ ముంజేతి ఎముకలోంచి, పై చేతిలోంచి, భుజంలోంచి మ్యాట్‌లోకి దిగాలి. కండకి పని తక్కువ. అదే మీరు అరచేతులు అతని ఛాతీకి ఆనించి తోశారంటే, బరువు మొత్తం చేతి వెనక కండ మీద, మణికట్టు మీద పడుతుంది. పది సెకన్లు నిలుస్తుంది, తర్వాత చేతులు వణుకుతాయి. పైవాడికి తొందరేం లేదు, అతను పడుకునే ఉన్నాడు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో చూసుకోండి. పుష్-అప్ సగం దించి, మోచేతులు వంచి అలాగే ఆగండి. ఎంతసేపు ఆగగలిగారో లెక్కపెట్టండి. కాసేపు విశ్రాంతి తీసుకుని, ఈసారి ముంజేతులు నేలకి ఆనించి ప్లాంక్‌లో ఆగండి. చేతులు అవే, ఒళ్లూ అదే. రెండింటికీ పోలికే ఉండదు. హమాలీ వడ్ల బస్తాని అరచేతుల మీద ఎత్తిపట్టి నడవడు, వీపు మీద వేసుకుంటాడు. అదీ ఇదే లెక్క. సాయంత్రం ఆరింటికి కిక్కిరిసిన సిటీ బస్సు ఎక్కినవాళ్లకైతే నేను చెప్పక్కర్లేదు. ఎవర్నీ తోయకుండా, బ్యాగు ఛాతీకి హత్తుకుని, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, ఊపిరి పీల్చుకునేంత చోటు మిగుల్చుకుంటారు. డ్రైవర్ బ్రేక్ వేసినప్పుడు దొరికిన సందులో ఒక అడుగు జరుగుతారు. ఎనభై కిలోల అబ్బాయి కింద ఆ 54 కిలోల అమ్మాయి చేయాల్సింది ఇదే. అతను కదలకపోతే పోనీ. జరగాల్సింది ఆవిడ నడుము.

తోస్తే అలసటతో పోదు. చేయి చాచారంటే మోచేయి నిటారైంది, ఒంటి నుంచి దూరమైంది. ఆర్మ్‌బార్‌కి కావాల్సిన రెండూ మీరే అందించారు. పైవాడు దాన్ని వెతుక్కోనక్కర్లేదు, కాలు తిప్పి పక్కకి పడిపోతే చాలు. నాలుగుసార్లు దొరికినాయన ఆర్మ్‌బార్ తప్పించుకోవడం నేర్పమని అడిగాడు. నేర్పను, ఇప్పుడే కాదు. చేయి చాచడం మానేస్తే ఆ నాలుగింట్లో మూడు అసలు జరిగేవే కాదు.

మోచేయి వంగి ఉన్నా డొక్క నుంచి విడిపోతే ఇంకో ముప్పు ఉంది, కిమురా. ఆ పట్టుకి ఆ పేరెలా వచ్చిందో చాలామందికి తెలీదు. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురాతో హేలియో గ్రేసీ తలపడ్డాడు. హేలియో సన్నపాటి మనిషి, కిమురా అతనికన్నా ఎంతో బరువు. కిమురా అతన్ని పడగొట్టి, అదిమి, చేయి పట్టి వెనక్కి మెలితిప్పాడు. హేలియో ట్యాప్ చేయలేదు, అంటే ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టలేదు. చివరికి అన్న కార్లోస్ పోటీ ఆపించాడు. ఆ తర్వాత బ్రెజిల్‌లో ఆ పట్టుని ఓడించినవాడి పేరుతోనే పిలిచారు. కథ గొప్పదే, కానీ ట్యాప్ చేయని భాగం మనకొద్దు. సోమవారం పొద్దున ఆఫీసులో కీబోర్డు కొట్టాల్సిన చేతులు మనవి.

"వీడియోల్లో బ్లాక్ బెల్ట్‌లు చేయి చాచే ఆపుతున్నారు కదా" అని కూడా ఒకరు అడిగారు. ఆపుతారు. చేయి ఎప్పుడు వెనక్కి లాక్కోవాలో వాళ్లకి తెలుసు. మీకు తెలిసేదాకా వంచే ఉంచండి.

రెండో రకం ఇబ్బంది కుస్తీ వాళ్లది. ఒకాయన కుర్రతనంలో హైదరాబాద్ పాతబస్తీ తాలీంలో (కుస్తీ వ్యాయామశాలలో) మట్టి మీద పట్టు పట్టినవాడు. సైడ్ కంట్రోల్ పడగానే ఠక్కున బోర్లా తిరుగుతున్నానని, ఎంత అనుకున్నా ఒళ్లు మాట వినడం లేదని రాశాడు. ఎలా వింటుంది? అక్కడ రెండు భుజాలూ నేలకి తగిలితే ఆట అయిపోయినట్టే. జూడోలోనూ వెల్లకిలా 20 సెకన్లు అదిమి ఉంచితే ఇప్పాన్, అంటే పూర్తి గెలుపు. ఇక్కడ మాత్రం వీపు నేల మీద ఉంటే ఓటమి కాదు, అక్కణ్నుంచే సగం ఆట నడుస్తుంది. బోర్లా తిరిగితే మాత్రం వీపు అప్పజెప్పినట్టు. వెనక నుంచి రెండు కాళ్లూ మీ తొడల లోపలికి హుక్‌లు వేస్తాడు, తర్వాత గొంతు. కాబట్టి తిరిగితే అతని వైపే తిరగండి, అవతలికి వద్దు. కుస్తీ అలవాటు పోవడానికి ఆరు నెలలు పట్టొచ్చు. బదులుగా మీ పడగొట్టే పట్లు చూసి మిగతావాళ్లు ఏడుస్తారు, కంగారు పడకండి.

పోటీకి పేరు ఇచ్చామని ఇద్దరు చెప్పారు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) నియమాల్లో పాయింట్లు ఎలా పోతాయో ఒకసారి చూడండి. మీ గార్డ్ దాటి మూడు సెకన్లు నిలబెట్టుకుంటే పైవాడికి 3. అక్కడ మోకాలు పొట్ట మీద పెడితే 2, మౌంట్‌కి వస్తే 4. మీరు తోస్తూ, అలసిపోతూ పడుకుంటే 9 పాయింట్లు వెనకబడతారు. వైట్ బెల్ట్ పెద్దల పోటీ మొత్తం 5 నిమిషాలే. మీరు తప్పించుకుని గార్డ్‌లోకి వస్తే మీకు దక్కేది సున్నా. అన్యాయంగా అనిపిస్తుంది, కానీ లెక్క అదే. అందుకే చేతులు అతను దాటాక పెట్టేవి కావు, దాటుతుండగానే పెట్టాలి. మూడు సెకన్లు పూర్తికాకముందే మోకాలు లోపలికి వచ్చేస్తే అతనికి ఆ 3 రావు, మహా అయితే ఒక అడ్వాంటేజ్ (పాయింట్లు సమమైతే లెక్కకొచ్చే చిన్న మార్కు) వస్తుంది.

అన్నట్టు, బరువు. ఇది పాఠంలో భాగం కాదు, నా పాత గాయం. మొదటి పోటీకి నేను 70 కిలోల ఫెదర్ తరగతికి పేరిచ్చాను. ఇంట్లో లుంగీ మీద తూకం చూసుకుంటే 69.2. హాయిగా ఇడ్లీ తిని వెళ్లాను. అక్కడ గీ (పోటీలో వేసుకునే మందపాటి దుస్తులు) వేసుకునే తూకం ఎక్కాలి, అదీ ఆ రోజు తొలి బౌట్‌కి కాస్త ముందే, ఒక్కసారే. గీ, బెల్టు కలిసి కిలోన్నర పైనే ఉంటాయి. కాటా మీద అంకె చూశాక ఎవరితోనూ మాట్లాడకుండా బట్టలు మార్చుకుని వచ్చేశాను. మీరు పోటీలో వేసుకోబోయే గీతోనే ఇంట్లో తూకం చూసుకోండి, ఇడ్లీ తర్వాత.

ఈ వారం సాధన కాస్త గట్టిగానే ఉంటుంది. ప్రతి క్లాసు చివర రోలింగ్‌లో (సాధన పోరులో) నిలబడో, మోకాళ్ల మీదో మొదలుపెట్టకండి. ప్రతి రౌండ్ సైడ్ కంట్రోల్ కింద నుంచే. మూడు నిమిషాల రౌండ్లు, వారం మొత్తానికి పన్నెండు. మొదటి నాలుగింట్లో రెండు చేతులతోనూ మీ సొంత గీ కాలర్ పట్టుకునే ఉండండి, వదలకూడదు. ముంజేతులతో, నడుముతో మాత్రమే పని జరగాలి. చాలాసార్లు ఓడిపోతారు, ఫర్వాలేదు, ఆ రౌండ్లు గెలవడానికి కాదు. తర్వాతి నాలుగు మామూలు చేతులతో, మీ బరువున్న వాళ్లతో. చివరి నాలుగు మీకన్నా కనీసం పది కిలోలు ఎక్కువున్న వాళ్లతో. ఎప్పుడైనా ఒక చేయి పూర్తిగా చాచానని మీకే తెలిస్తే, అవతలివాళ్లు పట్టకపోయినా మీరే ఆపి మళ్లీ మొదటికి రండి. ఎడమవైపు కూడా చేయండి. నేను కుడివైపే రాశాను కాబట్టి కుడివైపే చేసి వచ్చేవాళ్లు ఉంటారని నాకు తెలుసు.

ఇంట్లో మ్యాట్ లేకుండా తమ్ముడి మీద ప్రయత్నించినాయన దయచేసి అది ఆపండి.

పన్నెండు రౌండ్లు అయ్యాక రాయండి. నొప్పి ఉంటే ఏ మోచేతికో, లోపలివైపో బయటివైపో కూడా చెప్పండి. దాన్ని బట్టే వచ్చేసారి స్వీప్‌లా, మళ్లీ ఇదేనా అన్నది చూస్తాను.