మొబైల్ యాప్ బిల్డ్‌లో లింకర్ ఎర్రర్ వస్తే ఎక్కడి నుంచి వెతకాలి?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ యాప్‌ల పని నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లలు తరచూ అడిగే మాట ఇది: "అన్నా, కోడ్ కంపైల్ అయింది, లింకింగ్ దగ్గర ఆగిపోతోంది. ఏం చేయాలి?" అడిగే సమయానికే వాళ్లు నాలుగుసార్లు క్లీన్ కొట్టి, ఎన్‌డీకే (ఆండ్రాయిడ్‌లో సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్ బిల్డ్ చేసే టూల్స్ సెట్) వెర్షన్ మార్చి, ఎక్కడో దొరికిన రెండు లైన్లు బిల్డ్ ఫైల్‌లో అతికించి ఉంటారు. దాంతో అసలు ఎర్రర్ ఏదో, కొత్తగా మనం తెచ్చుకున్నది ఏదో తెలియకుండా పోతుంది. అందుకే మొదట ఏదీ మార్చకండి. మార్చి ఉంటే వెనక్కి తీసేయండి.

కంపైలర్ ఒక్కో ఫైల్‌ను విడిగా చూస్తుంది. హెడర్‌లో (ఫంక్షన్ల పేర్లు ప్రకటించే ఫైల్‌లో) ఫంక్షన్ పేరు కనిపిస్తే చాలు, దాని అసలు కోడ్ ఎక్కడుందో అడగదు. ఆ కోడ్‌ను వెతికి కలిపేది లింకర్. "ఈ పేరు నాకు దొరకలేదు" అని అది చెబుతోందంటే నిజంగానే దొరకలేదు. ఆ పేరు ఏ ఫైల్‌లో ఉండాలి, అక్కడ ఉందా లేదా అన్నది కళ్లతో చూసుకోవడమే మన పని.

ముందుగా: ఎర్రర్ బిల్డ్‌లో వచ్చిందా, ఫోన్‌లో వచ్చిందా?

ఆండ్రాయిడ్ స్టూడియో బిల్డ్ విండోలో 'అన్‌డిఫైన్డ్ సింబల్' అని వస్తే అది బిల్డ్ లింకర్ మాట. యాప్ తెరిచాక లాగ్‌క్యాట్‌లో (ఫోన్ లాగ్‌లు చూపించే విండోలో) 'అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్' అని వస్తే అది ఫోన్‌లో లైబ్రరీని, అంటే ముందే కట్టి ఉంచిన కోడ్ ఫైల్‌ను, లోడ్ చేసే చోట వచ్చిన సమస్య. ఈ రెండింటికీ వెతికే దారులు వేరు. బిల్డ్ ఎర్రర్ అయితే చివరి లైన్ చూడొద్దు. 'లింకర్ కమాండ్ ఫెయిల్డ్' అన్న లైన్‌లో విషయం ఏమీ ఉండదు. పైకి స్క్రోల్ చేసి మొట్టమొదటి ఎర్రర్ పట్టుకోండి. దొరకని పేరు, దాన్ని పిలిచిన ఫైల్ అక్కడే ఉంటాయి.

బిల్డ్ ఎర్రర్ అయితే: పేరును జాగ్రత్తగా చదవండి

సగం జవాబు ఆ పేరులోనే ఉంటుంది. 'ఆండ్రాయిడ్ లాగ్ ప్రింట్' దొరకలేదంటే సీమేక్ ఫైల్‌లో (ఏయే ఫైళ్లు, లైబ్రరీలు కలపాలో చెప్పే బిల్డ్ ఫైల్‌లో) లాగ్ లైబ్రరీని కలపడం మరిచారని అర్థం. 'టార్గెట్ లింక్ లైబ్రరీస్' లైన్‌లో దాన్ని చేర్చితే సరిపోతుంది. కొత్తవాళ్లకు ఎక్కువగా తగిలేది ఇదే.

పేరు పక్కన బ్రాకెట్లు, వాటిలో ఇంట్, క్యార్ లాంటి టైపులు కనిపిస్తున్నాయా? అంటే లింకర్ సీ ప్లస్ ప్లస్ పద్ధతి పేరు కోసం వెతుకుతోంది. మీరు వాడుతున్నది సీ లైబ్రరీ అయితే అందులో టైపులేవీ లేని ఉత్త పేరే ఉంటుంది కాబట్టి రెండూ ఎన్నటికీ కలవవు. ఆ హెడర్‌ను ఎక్స్‌టర్న్ సీ బ్లాక్ లోపల ఇంక్లూడ్ చేయండి.

పేరులో 'సీఎక్స్ఎక్స్ 11' అన్న ముక్క ఉంటే ఆ లైబ్రరీ జీసీసీ అనే కంపైలర్ వాళ్ల స్టాండర్డ్ లైబ్రరీతో తయారైంది. ఇప్పటి ఎన్‌డీకే వాడేది ఎల్‌ఎల్‌వీఎం అనే మరో కంపైలర్ ప్రాజెక్ట్ వాళ్లది. జీసీసీని, దాని స్టాండర్డ్ లైబ్రరీని 2018లో వచ్చిన ఎన్‌డీకే ఆర్18 వెర్షన్‌లోనే తీసేశారు. ఇక్కడ బిల్డ్ ఫ్లాగులతో (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లతో) కుస్తీ పట్టడం వృథా. లైబ్రరీ ఇచ్చినవాళ్లను కొత్త బిల్డ్ అడగండి, లేదా సోర్స్ తెచ్చుకుని మీరే బిల్డ్ చేసుకోండి.

తర్వాత ఫైల్ తెరిచి చూడండి. ఎన్‌డీకే టూల్‌చెయిన్ ఫోల్డర్‌లో ఎల్‌ఎల్‌వీఎం ఎన్‌ఎం అనే టూల్ ఉంటుంది. దానికి మీ లైబ్రరీ ఫైల్ ఇస్తే అందులోని పేర్లన్నీ రాసి చూపిస్తుంది. ఎస్‌ఓ ఫైల్ (యాప్ నడిచేటప్పుడు లోడ్ అయ్యే లైబ్రరీ) అయితే డైనమిక్ పేర్లు చూపించే ఆప్షన్ పెట్టాలి. ఫంక్షన్ పేరు ముందు పెద్ద టీ ఉంటే దాని కోడ్ ఆ ఫైల్‌లో ఉంది. యూ ఉంటే ఆ ఫైల్ కూడా మీలాగే దాన్ని బయట వెతుక్కుంటోంది, అంటే ఇంకో లైబ్రరీ కావాలి. చిన్న టీ ఉంటే కోడ్ ఉన్నా బయటివాళ్లకు కనిపించదు. ఈ ఒక్క టూల్ అలవాటైతే లింకింగ్ అంటే టెన్షన్ చాలావరకు పోతుంది.

ఫోన్‌లో ఆగితే: ఏ ఫోల్డర్‌లో ఏముందో చూడండి

ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఏపీకే అనలైజర్‌లో మీ ఏపీకే (ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్ ఫైల్) తెరిచి లిబ్ ఫోల్డర్ చూడండి. ఆర్మ్ 64, ఆర్మ్ వీ7, ఎక్స్86 అని ఒక్కో రకం ప్రాసెసర్‌కు విడి ఫోల్డర్లు ఉంటాయి. ఫోన్ తనకు సరిపోయే ఒక ఫోల్డర్‌ను ఎంచుకుని, లైబ్రరీలన్నీ దాంట్లోనే వెతుకుతుంది. మీ సొంత లైబ్రరీ ఆర్మ్ 64లో ఉండి, బయటి నుంచి తెచ్చిన పేమెంట్ లైబ్రరీ ఆర్మ్ వీ7లో మాత్రమే ఉంటే 64 బిట్ ఫోన్‌లో అది దొరకదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకే జాబితా ఉండాలి. 2019 ఆగస్టు నుంచి ప్లే స్టోర్ 64 బిట్ తప్పనిసరి చేసింది కాబట్టి ఆర్మ్ 64 ఫోల్డర్‌ను వదిలేసే వీలు లేదు.

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్) మామూలుగా ఎక్స్86 రకం ఫోల్డర్ వాడుతుంది. అక్కడ యాప్ నడిచినంత మాత్రాన ఫోన్‌లో నడుస్తుందని అనుకోకండి. టెస్టింగ్ కోసం ఎస్‌పీ రోడ్డు వైపు వెళ్లి ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ కొనుక్కోండి. ఆ డబ్బు దండగ కాదు.

'నో ఇంప్లిమెంటేషన్ ఫౌండ్' అని వస్తే లైబ్రరీని లోడ్ చేసే లైన్ నడిచిందో లేదో ముందు చూసి, తర్వాత జేఎన్‌ఐ ఫంక్షన్ (జావా నుంచి పిలిచే సీ, సీ ప్లస్ ప్లస్ ఫంక్షన్) పేరు సరిచూడండి. అందులో జావా అన్న మాట, ప్యాకేజీ, క్లాస్, మెథడ్ వరుసగా అండర్‌స్కోర్లతో ఉండాలి. ప్యాకేజీ పేరులోనే అండర్‌స్కోర్ ఉంటే దాని తర్వాత 1 చేర్చాలి. లోడ్ చేసేటప్పుడు ముందున్న లిబ్, వెనకున్న ఎస్‌ఓ రెండూ తీసేసి పేరివ్వాలి.

కొత్త ఫోన్లలో నడిచి, పాతవాటిలో 'కెనాట్ లొకేట్ సింబల్' వస్తే లైబ్రరీని మీ మినిమమ్ ఎస్‌డీకే (మీ యాప్ నడవాల్సిన అతి పాత ఆండ్రాయిడ్ లెవెల్) కంటే పై లెవెల్‌కు బిల్డ్ చేశారేమో చూడండి. ఇక 16 కేబీ పేజీ సైజు సంగతి, అంటే ఫోన్ మెమరీని 16 కేబీ ముక్కలుగా వాడే పద్ధతికి లైబ్రరీలు సరిపడాలన్న మాట. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను టార్గెట్ చేసే కొత్త యాప్‌లకూ అప్‌డేట్లకూ 2025 నవంబర్ 1 నుంచి ప్లే స్టోర్ దీన్ని అడుగుతోంది. ఎన్‌డీకే ఆర్28 దాన్ని తానే చూసుకుంటుంది కానీ, బయటి నుంచి తెచ్చిన ఎస్‌ఓ ఫైళ్లను మాత్రం వాటిని తయారుచేసినవాళ్లే మళ్లీ బిల్డ్ చేసి ఇవ్వాలి.

ఐఫోన్ యాప్‌ల పని చేసేవాళ్లకు

కోకోపాడ్స్ (ఐఫోన్ యాప్‌కు బయటి లైబ్రరీలు తెచ్చిపెట్టే టూల్) వాడుతూ లైబ్రరీ దొరకలేదని వస్తే, ప్రాజెక్ట్ ఫైల్ బదులు వర్క్‌స్పేస్ ఫైల్ తెరిచారో లేదో చూడండి. సిమ్యులేటర్‌కు బిల్డ్ చేస్తుంటే ఇది ఐఫోన్ కోసం కట్టిన లైబ్రరీ అని లింకర్ గొడవ చేస్తే, ఐఫోన్‌కూ సిమ్యులేటర్‌కూ సరిపడే ఎక్స్‌సీఫ్రేమ్‌వర్క్ (రెండు రకాల బిల్డ్‌లూ ఉండే లైబ్రరీ ప్యాకేజీ) తెచ్చుకోవాలి. బిల్డ్ అయ్యి, యాప్ తెరవగానే 'లైబ్రరీ నాట్ లోడెడ్' వస్తే ఎక్స్‌కోడ్‌లో ఆ ఫ్రేమ్‌వర్క్‌కు 'ఎంబెడ్ అండ్ సైన్' ఆప్షన్ పెట్టండి.

ఇంత చూసినా తేలకపోతే సీనియర్‌ను అడగండి, మొహమాటం వద్దు. కానీ చివరి లైన్ స్క్రీన్‌షాట్ కాకుండా మొదటి ఎర్రర్ పూర్తి టెక్స్ట్, ఎన్‌ఎం చూపించిన లైన్, ఎన్‌డీకే వెర్షన్, ఏ ఫోన్‌లో ఆగిందో రాసి పంపండి.